కృష్ణుడి వేషం ఎవరికిచ్చాం?

శ్రీ గురుభ్యో నమః.

ఈ వారం వీడియోలో మనం సమదర్శనం గురించి మాట్లాడుకున్నాం. భగవద్గీత ఐదో అధ్యాయం, పద్దెనిమిదో శ్లోకం. పదాలకు అర్థం, తాత్పర్యం చెప్పేసరికే టైమ్ అయిపోయింది. ఆ శ్లోకం నాకు ఎక్కడ గుచ్చుకుందో మాత్రం చెప్పలేదు. టైమ్ ఉన్నా చెప్పేవాణ్ణి కాదేమో, కెమెరా ముందు ధైర్యం చాలదు. అందుకే ఇక్కడ రాస్తున్నాను.

ముందే ఒక మాట. నేను పండితుణ్ణి కాదు. చదివింది ఇంజనీరింగ్, చేసేది సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. శని, ఆదివారాలు ఈ చానెల్‌కి స్క్రిప్టు, ఎడిటింగు చూసుకుంటాను. పెద్దల దగ్గర విన్నది, చదివి అర్థం చేసుకున్నది మీతో పంచుకుంటాను, అంతే. తప్పులుంటే సరిదిద్దండి.

పోయిన కృష్ణాష్టమికి జరిగింది

పోయిన ఏడాది కృష్ణాష్టమికి మేమొక షార్ట్ వీడియో తీశాం. నిమిషం లోపు వీడియో. మా అపార్ట్‌మెంట్ టెర్రస్ మీదే సెట్టింగ్. ఉట్టి, వెన్నకుండ, నెమలి ఈక, థర్మాకోల్‌తో చేసిన గోవర్ధనగిరి. పదకొండు మంది పిల్లలు వచ్చారు. వాళ్ళలో ఒకడు మా కింది ఫ్లోర్ బాబు, రెండో తరగతి. ఇంట్లో చిన్నూ అంటారు. ఇక్కడ కూడా అలాగే పిలుస్తాను.

చిన్నూ నల్లగా ఉంటాడు. వాడికి కృష్ణుడి వేషం వేయాలని ఎంత ఆశ అంటే, వారం ముందే డైలాగులన్నీ బట్టీ పట్టేశాడు. వాళ్ళమ్మగారు పసుపు రంగు పంచె కూడా కుట్టించారు.

వేషం వాడికివ్వలేదు. ఇంకో బాబుకిచ్చాం. ఆ బాబు తెల్లగా, బొద్దుగా, బుగ్గలతో ముద్దుగా ఉంటాడు. వాడి ఒంటికి నీలం రంగు పూయడానికి నలభై నిమిషాలు పట్టింది. దురద పెడుతోందని మధ్యలో ఏడ్చాడు కూడా. చిన్నూకేమో కంసుడు పంపిన రాక్షసుడి వేషం ఇచ్చాం. అట్టముక్కతో కోరలు చేసి పెట్టాం. వాడేమీ అనలేదు. చెప్పినట్టు చేశాడు.

ఒక్కసారి ఆలోచించండి. పేరులోనే నలుపు ఉన్న దేవుడి వేషం అది. దానికి నల్లగా ఉన్న పిల్లవాణ్ణి పక్కన పెట్టి, తెల్లగా ఉన్న పిల్లవాణ్ణి తెచ్చి రంగు పూశాం. ఆ నిర్ణయం తీసుకున్నది నేనే. అప్పుడు నాకు ఇందులో తప్పేమీ కనిపించలేదు. ‘ఫ్రేమ్‌లో బాగుంటాడు’ అనుకున్నాను, అంతే.

షూటింగ్ అయిపోయి సామాన్లు సర్దుతుంటే చిన్నూ దగ్గరికొచ్చి అడిగాడు.

“అన్నా, కృష్ణుడు నల్లగా ఉంటాడని నువ్వే కదా కథలో చెప్పావ్. మరి నాకెందుకు ఇవ్వలేదు?”

“లైటింగ్ ప్రాబ్లమ్ నాన్నా. కెమెరాలో సరిగా పడదు” అన్నాను.

అది అబద్ధం. ఆ సాయంత్రం టెర్రస్ మీద ఎండ ఎంత బాగుందో నాకు తెలుసు. ఎనిమిదేళ్ళు కూడా నిండని పిల్లవాడికి, అదీ కృష్ణాష్టమి పూట, అబద్ధం చెప్పాను.

ఏడు నిమిషాల సినిమా

ఆ తర్వాత నేనా సంగతి మర్చిపోయాను. ఫిబ్రవరిలో మళ్ళీ గుర్తొచ్చింది. అమెరికాలో ఫిబ్రవరి నెలను నల్లజాతి చరిత్ర మాసంగా జరుపుకుంటారు. మా టీమ్‌లో సగం మంది అక్కడే ఉంటారు కాబట్టి ఆఫీసులో ఒక ఆన్‌లైన్ సెషన్ పెట్టి చిన్న డాక్యుమెంటరీ చూపించారు. పేరు ‘ఎ గర్ల్ లైక్ మి’. ‘నాలాంటి అమ్మాయి’ అని అర్థం. 2005లో తీసింది. తీసిన అమ్మాయి కీరీ డేవిస్, అప్పటికి న్యూయార్క్‌లో హైస్కూల్ చదువుతోంది. టీనేజ్ పిల్లలకు సినిమా తీయడం నేర్పే రీల్ వర్క్స్ అనే సంస్థ దగ్గర నేర్చుకుని తీసింది. మొత్తం ఏడు నిమిషాలు.

మొదట్లో ఆ అమ్మాయి వయసు వాళ్ళే మాట్లాడతారు. జుట్టు గురించి, చర్మం రంగు గురించి, ఇంట్లోవాళ్ళు అనే మాటల గురించి, తెల్లబడటానికి రాసుకునే క్రీముల గురించి. వింటుంటే మన పెళ్ళిళ్ళలో వినపడే మాటల్లాగే ఉన్నాయి, భాష ఒక్కటే వేరు.

తర్వాత బొమ్మల పరీక్ష వస్తుంది. నాలుగైదేళ్ళ నల్లజాతి పిల్లలను ఒక్కొక్కరినే కూర్చోబెట్టి ముందు రెండు బొమ్మలు పెడతారు. ఒకటి తెల్లది, ఒకటి నల్లది. మిగతా అంతా ఒకటే. ఏ బొమ్మ మంచిది అని అడిగితే, 21 మంది పిల్లల్లో 15 మంది తెల్లబొమ్మ వైపు మొగ్గారు. ఏది చెడ్డది అన్నప్పుడు ఒక పాప నల్లబొమ్మను చూపిస్తుంది. ఎందుకు అంటే, నల్లగా ఉంది కాబట్టి అంటుంది. ఆ వెంటనే ఇంకో ప్రశ్న వస్తుంది: నీలా ఉండే బొమ్మ ఏది? పాప చెయ్యి ఆగిపోతుంది. కాసేపటికి నల్లబొమ్మను మెల్లగా ముందుకు జరుపుతుంది.

మిత్రులారా, నాకు ఆ పాప కనిపించలేదు. అట్టకోరలు పెట్టుకుని నిలబడ్డ చిన్నూ కనిపించాడు. ల్యాప్‌టాప్ కెమెరా ఆఫ్ చేసుకున్నాను.

ఈ పరీక్షను మొదలుపెట్టింది కీరీ డేవిస్ కాదు. మేమీ క్లార్క్, కెన్నెత్ క్లార్క్ అనే భార్యాభర్తలు, ఇద్దరూ మనస్తత్వ శాస్త్రవేత్తలు, 1940లలో చేశారు. అప్పుడు కూడా నల్లజాతి పిల్లల్లో ఎక్కువమంది తెల్లబొమ్మే మంచిదన్నారు. చివరి ప్రశ్నకు కొందరు పిల్లలు ఏడ్చేశారు. ఆ రోజుల్లో అమెరికాలో చాలాచోట్ల నల్లవాళ్ళ పిల్లలకు వేరే బడి, తెల్లవాళ్ళ పిల్లలకు వేరే బడి. 1954లో అమెరికా సుప్రీంకోర్టు ఇలా విడదీయడం రాజ్యాంగ విరుద్ధమని ఏకగ్రీవంగా తీర్పు చెప్పింది. ఆ తీర్పు పాదసూచికల్లో కెన్నెత్ క్లార్క్ పరిశోధన ప్రస్తావన కూడా ఉంది.

చట్టం మారింది. బడులు కలిశాయి. యాభై ఏళ్ళ తర్వాత ఒక హైస్కూల్ అమ్మాయి కెమెరా పట్టుకుని అవే ప్రశ్నలు అడిగితే, పిల్లల వేళ్ళు ఇంకా తెల్లబొమ్మ వైపే వెళ్ళాయి. ఆ పిల్లలకు కోర్టులు తెలియవు, చరిత్ర తెలియదు. మరి ఏ రంగు మంచిదో ఎవరు చెప్పారు? ఎవరూ కూర్చోబెట్టి చెప్పలేదు. ఎవరికి ఏ వేషం దక్కుతోందో చూసి వాళ్ళే నేర్చుకున్నారు.

సంస్కారం, వాసన అని మన పెద్దలు అంటారే, అది ఇదే. సాంబ్రాణి పొగ గదిలో పట్టుకున్నట్టు పట్టుకుంటుంది. మనకు తెలియకుండానే మన చూపులోకి వచ్చేస్తుంది. తర్వాత దాన్ని ‘నా టేస్ట్’ అంటాం, ‘నా ప్రిఫరెన్స్’ అంటాం.

మనం దర్శనం చేసుకునేది ఎవరిని?

ఇప్పుడు మన సంగతికి వద్దాం.

మహాభారతంలో కృష్ణ అనే పేరు ఒక్కరిది కాదు. వాసుదేవుడు కృష్ణుడు. గ్రంథం రాసిన వ్యాసుడి పేరు కృష్ణద్వైపాయనుడు, ద్వీపంలో పుట్టిన నల్లనివాడు. ద్రౌపది అసలు పేరు కృష్ణ. అర్జునుడి పది పేర్లలో కృష్ణ ఒకటి. రాసినవాడు, రథం తోలినవాడు, రథం మీద నిలబడినవాడు, ఆ సభలో న్యాయం అడిగిన ఇల్లాలు, నలుగురూ నల్లనివాళ్ళే. ఆ కాలంలో ద్రౌపదిని మించిన అందగత్తె లేదని అదే గ్రంథం చెబుతుంది. మన సీరియల్స్‌లో ఆ పాత్ర ఎవరికి వెళుతుందో మీకు తెలుసు.

తిరుమలలో గంటల తరబడి క్యూలో నిలబడతాం. ఎవరి కోసం? నల్లని శిలలో వెలసిన స్వామి కోసం. ఆ కొన్ని క్షణాల దర్శనానికి కళ్ళు తడుస్తాయి. కొండ దిగి ఇంటికొచ్చి మ్యాట్రిమోనీ యాప్ తెరుస్తాం. అక్కడ మొదటి ఫిల్టర్ రంగు.

పూరీ వెళ్ళినవాళ్ళు గుర్తు తెచ్చుకోండి. రత్నవేదిక మీద ముగ్గురు. బలభద్రుడు తెలుపు, సుభద్ర పసుపు, జగన్నాథుడు నలుపు. మూడు రంగులు, ఒకే ఇంటి పిల్లలు. ముగ్గురికీ మూడు రథాలు, ముగ్గురికీ నైవేద్యం. జగత్తుకు నాథుడని పేరున్నది వాళ్ళలో నల్లనివాడికే.

దర్శనం అంటే చూడటం. సమదర్శనం అంటే సమంగా చూడటం. గీతలో ఆ శ్లోకాన్ని జాగ్రత్తగా గమనించండి. విద్య, వినయం ఉన్న బ్రాహ్మణుణ్ణి, ఆవును, ఏనుగును, కుక్కను, లోకం అంటరానివాడని దూరం పెట్టిన మనిషిని, అందరినీ సమంగా చూసేవాడే పండితుడు అంటాడు భగవానుడు. అందరూ ఒకేలా కనిపిస్తారని మాత్రం చెప్పలేదు. ఏనుగు ఏనుగులాగే కనిపిస్తుంది. అందుకే ‘నాకసలు రంగే కనిపించదు’ అనడం సమదర్శనం కాదు. రంగు కనిపిస్తుంది. కనిపించాక మన మనసు ఆ మనిషికి ఇచ్చే వేషం మారకపోతే, అది సమదర్శనం.

అక్కడ అయితే రేసిజం, ఇక్కడ అయితే జోక్

ఈ మాట ఎత్తితే వచ్చే మొదటి సమాధానం: “రేసిజం అమెరికా వాళ్ళ గొడవ, మనకెందుకు?”

2013 సెప్టెంబరులో నీనా దావులూరి మిస్ అమెరికా అయ్యారు. తెలుగు కుటుంబంలో, అమెరికాలోనే పుట్టిన అమ్మాయి. కిరీటం పెట్టిన రాత్రే ట్విట్టర్‌లో కొందరు ఆమెను అరబ్ అన్నారు, టెర్రరిస్ట్ అన్నారు. మనకు కోపం వచ్చింది, రావాలి కూడా. అదే సమయంలో మన దేశంలో ఇంకో చర్చ నడిచింది. ఇంత నల్లగా ఉంటే ఆమె మిస్ ఇండియా అయ్యేదా అని. అక్కడ కొందరికి ఆమె చాలినంత అమెరికన్ కాదు. ఇక్కడ చాలామందికి చాలినంత తెలుపు కాదు.

2017 ఫిబ్రవరి 22. కాన్సస్ రాష్ట్రంలోని ఒలేత్ పట్టణంలో శ్రీనివాస్ కూచిభొట్లను కాల్చి చంపారు. మనలాంటి ఇంజనీరే. ఆఫీసు అయ్యాక స్నేహితుడితో కాసేపు కూర్చున్నారు. కాల్చినవాడు మా దేశం వదిలి పొమ్మని అరిచాడు. ఆ వారమంతా హైదరాబాద్‌లో ఏ ఇంట్లో చూసినా అదే మాట. అక్కడే ఇయాన్ గ్రిలట్ అనే 24 ఏళ్ళ తెల్లజాతి యువకుడు ఆ దుండగుణ్ణి ఆపబోయి తనూ తూటా దెబ్బ తిన్నాడు. ఆ యువకుడు గీత చదివాడో లేదో నాకు తెలియదు. కానీ ఆ క్షణంలో ఆ శ్లోకాన్ని బతికాడు.

సరిగ్గా నెల తిరిగేసరికి, మార్చి చివర్లో, ఢిల్లీ పక్కనే గ్రేటర్ నోయిడాలో ఆఫ్రికా నుంచి వచ్చిన విద్యార్థుల మీద గుంపులు దాడి చేశాయి. ఒక నేరం పుకారుతో మొదలై, రంగు చూసి కొట్టారు. ఆ వారం మన వాట్సాప్ గ్రూపుల్లో ఎంత మాట్లాడుకున్నాం? 2014 జనవరిలో ఢిల్లీలో అరుణాచల్ ప్రదేశ్ విద్యార్థి నీడో తానియా చనిపోయినప్పుడు? జుట్టు చూసి ఎగతాళి చేయడంతో మొదలైంది అది. మన దేశంలో, మన దేశపు అబ్బాయే.

మనకు దెబ్బ తగిలితే రేసిజం. మనం కొడితే జోక్. ఆరో అధ్యాయంలో భగవానుడు చెబుతాడు, ఇతరుల సుఖాన్ని, దుఃఖాన్ని తన సుఖదుఃఖాలతో పోల్చి సమంగా చూసేవాడే గొప్ప యోగి అని. ఒలేత్ వార్త విన్నప్పుడు మన గుండెల్లో కలిగిన భయం ఉంది చూశారా, అదే కొలబద్ద. మెహదీపట్నం, టోలిచౌకి వైపు అద్దె ఇల్లు వెతుక్కునే ఆఫ్రికా విద్యార్థికి కూడా అదే భయం ఉంటుంది.

హైదరాబాద్‌లో ఏసీ గార్డ్స్ మీదుగా ఎన్నోసార్లు వెళ్ళుంటారు. ఏసీ అంటే ఎయిర్ కండిషన్ కాదు. ఆఫ్రికన్ కావల్రీ గార్డ్స్. నిజాం దగ్గర పనిచేసిన ఆఫ్రికా మూలాల అశ్విక దళం అది. వాళ్ళ వారసులు, సిద్దీలు, ఇప్పటికీ ఈ ఊళ్ళోనే ఉన్నారు. ఎప్పటినుంచో మన పొరుగువాళ్ళు. మనమే ఊరి బోర్డు చదివి అర్థం అడగలేదు.

ఇక రెండో సమాధానం ఇంకొంచెం తెలివైనది: “ఆత్మకు రంగు లేదు కదా. శరీరం మాయ. దీని గురించి ఇంత చర్చ ఎందుకు?” వేదాంతం కొంచెం చదివిన నాలాంటివాళ్ళు ఎక్కువగా చెప్పేది ఇదే.

ఆదిశంకరుల గురించి మన సంప్రదాయంలో ఒక కథ ఉంది. కాశీలో ఎదురొచ్చిన చండాలుణ్ణి పక్కకు తప్పుకోమన్నారట. ఆయన అడిగాడు, దేన్ని తప్పుకోమంటున్నావు? అన్నంతో పెరిగిన ఈ శరీరాన్నా, లేక లోపలున్న ఆత్మనా? అని. ఆయన విశ్వనాథుడే అని తర్వాత తెలిసిందంటారు. కానీ కథ ప్రకారం శంకరులు తలవంచింది ఆయన శివుడని తెలిసి కాదు, ఆ ప్రశ్న విని. ఇలాంటి చూపు ఉన్నవాడు ఎవరైనా నాకు గురువే అన్నారు. అద్వైతాన్ని లోకానికి చెప్పిన ఆచార్యుడినే దారి మధ్యలో ఒక మనిషి ఆపి, నీ చూపు సరిచేసుకో అని గుర్తు చేశాడన్నమాట. ఆత్మకు రంగు లేదు అనే మాట, దూరం పెట్టినవాణ్ణి దగ్గరికి తీసుకోవడానికి పుట్టింది. దూరం పెట్టి కూడా హాయిగా నిద్రపోవడానికి కాదు.

ఆ కథలో ప్రశ్న అడిగినవాడికి శంకరులు నమస్కరించారు. నన్ను ప్రశ్న అడిగిన చిన్నూకి నేను లైటింగ్ ప్రాబ్లమ్ అన్నాను.

పిల్లల చేతికి ఫోన్ ఇచ్చాం

ఆ సినిమా చూసిన ఆదివారం చిన్నూ వాళ్ళింటికి వెళ్ళాను. వాళ్ళమ్మగారికి జరిగింది చెప్పాను. “పర్లేదండీ, పిల్లలన్నాక ఉంటాయి” అన్నారు. కానీ ఆవిడ ముఖం చూస్తే పర్లేదు అనే మాట నిజం కాదని తెలుస్తోంది. “ఆ పంచె వాడు మళ్ళీ కట్టుకోలేదు” అన్నారు కాసేపాగి. చిన్నూతో, “లైటింగ్ బాగానే ఉంది నాన్నా, నేను అబద్ధం చెప్పాను, తప్పు నాదే” అన్నాను. వాడు బొమ్మకారు తిప్పుకుంటూ “తెలుసు” అన్నాడు. అంతే. ఇంకేమీ అనలేదు.

ఏం చెయ్యాలో చాలా రోజులు తోచలేదు. ఉపన్యాసం ఇస్తే పిల్లలు వినరు. కీరీ డేవిస్ చేసిన పనే గుర్తొచ్చింది. వేసవి సెలవుల్లో అపార్ట్‌మెంట్ పిల్లలను కూర్చోబెట్టి, రెండు ఫోన్లు ఇచ్చి, ఒకటే చెప్పాం: రంగును బట్టో, ముఖం తీరును బట్టో మనుషుల్ని వేరుగా చూడటం మీకు ఎక్కడ కనిపించింది? నిమిషం వీడియో తీయండి.

నేను రెండు షరతులు పెట్టాను. అడగకుండా ఎవరినీ తీయకూడదు. బొమ్మల పరీక్ష లాంటిది మన చిన్నపిల్లల మీద చేయకూడదు. అలాంటి ప్రశ్న ఒక పిల్లవాడి మనసులో ఏం మిగులుస్తుందో మనకు తెలియదు.

మూడు వీడియోలు వచ్చాయి.

మొదటిది ఇద్దరు ఐదో తరగతి పిల్లలది. డ్రాయింగ్ క్లాసులో పిల్లలు ‘స్కిన్ కలర్ ఇవ్వు’ అని అడిగే క్రేయాన్ ఒకటుంటుంది, మీకూ గుర్తుండే ఉంటుంది. లేత గులాబీ, లేత నారింజ కలిసిన రంగు. వీళ్ళు తెల్లకాగితం మీద ఆ క్రేయాన్‌తో ఒక గీత గీసి, దాని పక్కన పన్నెండు మంది చేతులు వరసగా పెట్టించారు. వాచ్‌మన్ గారి చేయి, తాతయ్య చేయి, పాలు పోసే ఆయన చేయి, నా చేయి. ఒక్క చేయి కూడా ఆ గీతకు మ్యాచ్ కాలేదు. వీడియోలో మాటల్లేవు. చివర్లో ఒక్క ప్రశ్న: ఇది ఎవరి స్కిన్?

రెండోది తొమ్మిదో తరగతి అమ్మాయిది. స్క్రీన్ మొత్తం నలుపు. తనకు ఇంట్లో, పెళ్ళిళ్ళలో వినపడిన మాటలను తన గొంతుతోనే చెప్పింది. ఎండలో తిరగకే, ఇంకా నల్లబడతావు. ఈ రంగు చీర నీకు నప్పదు. నల్లగా ఉన్నా కళగా ఉంటుంది. చివరి మాట దగ్గర ఆగి, మళ్ళీ చెప్పింది. నల్లగా ఉన్నా కళగా ఉంటుంది. ఆ ‘ఉన్నా’ తీసేసి చూడండి అంది. నల్లగా ఉంది. కళగా ఉంది. వీడియో అయిపోయింది.

నాకు నోట మాట రాలేదు. ఇన్నేళ్ళుగా ఆ వాక్యం మెచ్చుకోలు అనుకున్నాను. చిన్నప్పటినుంచి మా చెల్లితో ఎన్నిసార్లు అన్నానో.

మూడోది ఒక అబ్బాయి తీశాడు. మా గేటు దగ్గర సెక్యూరిటీలో ఒకాయన ఉంటారు. మూడేళ్ళుగా అందరం ఆయన్ను ‘నేపాలీ’ అంటాం. ఈ అబ్బాయి కెమెరా పెట్టి, “అంకుల్, మీ పేరేంటి, మీ ఊరేంటి?” అని హిందీలో అడిగాడు. ఆయన అస్సాం ఆయన. ఊరి పేరు, నది పేరు, కూతురు చదివే క్లాసు అన్నీ చెప్పారు. ‘నేపాలీ’ అని పిలిస్తే మీకెలా ఉంటుంది అని అడిగితే నవ్వి, మొదట్లో చెప్పేవాణ్ణి, తర్వాత మానేశాను అన్నారు. మూడేళ్ళుగా మా తలుపులు కాస్తున్న మనిషి పేరు మాకు ఆ రోజే తెలిసింది.

కెమెరా గురించి అప్పుడు నాకొకటి అర్థమైంది. వేదాంతంలో సాక్షి అనే మాట ఉంది. అన్నిటినీ చూసేది, దేనికీ రంగు పూయనిది. 2020 మే 25న మినియాపొలిస్‌లో జార్జ్ ఫ్లాయిడ్ మెడ మీద పోలీసు అధికారి మోకాలు పెట్టి ఉంచినప్పుడు, డార్నెల్లా ఫ్రేజియర్ అనే 17 ఏళ్ళ అమ్మాయి ఫోన్ పట్టుకుని కదలకుండా నిలబడింది. పోలీసుల మొదటి ప్రకటనలో అదొక ఆరోగ్య సమస్యలా రాశారు. ఆ అమ్మాయి వీడియోతో లోకానికి నిజం తెలిసింది. ఆ అధికారికి శిక్ష పడటంలో ఆ వీడియో పెద్ద సాక్ష్యం అయింది. 2021లో పులిట్జర్ వాళ్ళు ఆమెకు ప్రత్యేక ప్రశంస ఇచ్చారు. సాక్షిగా ఉండటం అంటే ఏమీ పట్టనట్టు ఉండటం కాదని ఆ అమ్మాయి చూపించింది.

నా ఫోన్ కూడా అదే ఫోన్. నేను దానితో ముఖాలు తెల్లబరిచాను. పాత వీడియోల ప్రాజెక్టు ఫైళ్ళు తెరిచి చూస్తే, పిల్లల ముఖాల మీద దాదాపు ప్రతిసారీ బ్రైట్‌నెస్ పెంచేశాను. ఎవరూ చెప్పలేదు. చెయ్యి దానంతట అదే వెళ్ళింది, ఆ పిల్లల చేతులు తెల్లబొమ్మ వైపు వెళ్ళినట్టే.

ఈ వారం సాధన

ప్రతి వారం లాగే చిన్న సాధన. జపం, పూజ మీరు చేసేవి చేసుకోండి. దానితో పాటు ఇవి.

ఒకటి. మాటల్లోంచి ఆ ‘ఉన్నా’ తీసేయండి. చామనఛాయ అంటూ తప్పించుకోనక్కర్లేదు. ఆ మాటలోని చామన కూడా శ్యామ అనే మాటే, అంటే మన స్వామి రంగే.

రెండు. ఫోటో గానీ వీడియో గానీ పెట్టే ముందు, ముఖం మీద ఫిల్టర్ ఉంటే ఒక్కసారి తీసి చూడండి. ఎవరికి నచ్చాలని పెట్టామో అడగండి. మనల్ని మనమే.

మూడు. రోజూ కనిపించే మనిషి, మీరు రాష్ట్రం పేరుతోనో, దేశం పేరుతోనో, రంగు పేరుతోనో పిలిచే మనిషి ఒకరుంటారు. ఈ వారం వాళ్ళ అసలు పేరు అడిగి తెలుసుకోండి. తర్వాత ఆ పేరుతోనే పిలవండి.

నాలుగు. మీ ఇంట్లో పిల్లలుంటే, నిమిషం వీడియో తీయమనండి. అందరికీ చూపించక్కర్లేదు. ఇంట్లో కూర్చుని కలిసి చూడండి. పిల్లలు ఏం చూపిస్తారో అని కొంచెం భయం వేస్తుంది, నాకూ వేసింది. వేసినా చూడండి.

మళ్ళీ కృష్ణాష్టమి దగ్గరికొచ్చింది. ఈసారి ఎవరికీ రంగు పూయడం లేదు. వేషాలకు చీటీలు వేస్తున్నాం. మొన్న చిన్నూని అడిగాను, నీ పేరు కూడా చీటీలో రాయనా అని. వాడు కాసేపు ఆలోచించాడు.

“వద్దన్నా. నేను పెద్దవాణ్ణయిపోయా. ఈసారి కెమెరా నేను పట్టుకుంటా” అన్నాడు.

పోయిన ఏడాది వాడిదైన రోజును నేను వాడికి తిరిగి ఇవ్వలేను. ఫోన్ మాత్రం ఇచ్చాను. వాడు ఎవరిని ఎలా చూస్తాడో, ఆ చూపులో నేనెలా కనిపిస్తానో, కృష్ణుడికే తెలియాలి.

సర్వం శ్రీకృష్ణార్పణమస్తు.